ముల్లు త్రిప్పిన చాలునా?

ధ్యానభాగము: యెషయా 38, 39 అధ్యాయములు, 2 దినవృత్తాంతములు 32:24–31



పరిశుద్ధ గ్రంథములో ఎండ గడియారమును గూర్చిన ప్రస్తావన రెండే చోట్ల కనబడును. ఆ రెండును ఒకే సంగతిని చెప్పుచున్నవి. యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగమున పడి, గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీటితో ప్రార్థింపగా, దేవుడు అతని ఆయుష్షునకు 15 సంవత్సరములు కలిపెను. అందుకు గురుతుగా, ఆహాజు గడియారపు పలకమీద దిగిపోయిన నీడ 10 మెట్లు వెనుకకు జరిగెను. రాజుల రెండవ గ్రంథము 20వ అధ్యాయములోను, యెషయా 38వ అధ్యాయములోను ఇది వ్రాయబడియున్నది. ఈ అద్భుతమును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. నీడ వెనుకకు జరిగిన తరువాత జరిగినదానిని గూర్చి వినినవి మాత్రము తక్కువ.

తరువాత జరిగినదేమి? రాజు బాగుపడెనని విని బబులోను నుండి రాయబారులు కానుకతో వచ్చిరి. హిజ్కియా సంతోషించి వారిని లోనికి తోడుకొనిపోయి, వెండిని, బంగారమును, సుగంధద్రవ్యములను, పరిమళ తైలమును, ఆయుధశాలను, ఒక్కటియు దాచక చూపించెను. తన్ను బ్రదికించిన దేవుని మాట అతడు ఆ అతిథులతో ఎత్తినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. దినవృత్తాంతముల గ్రంథకర్త దీనిని దాచి చెప్పలేదు. రాజు తనకు కలిగిన మేలునకు తగినట్లు ప్రవర్తింపక హృదయమున గర్వించెననియు, అతని హృదయములో నున్నదంతయు బయలుపడునట్లు ఆ రాయబారుల విషయములో దేవుడు అతనిని విడిచిపెట్టెననియు చెప్పుచున్నాడు. నీడ 10 మెట్లు జరిగెను. హృదయము మాత్రము ఒక మెట్టయినను జరుగలేదు.

ఈ సంగతిని నిదానముగా ధ్యానించుటకు గడియారములు బాగుచేయువాని బల్లకంటె మంచి చోటు లేదని నాకు తోచుచున్నది.

రాయపూరు రైలు స్టేషనుకు ఆవలి ప్రక్క గుఢియారీ యను పేట కలదు. ఆ పేరు వినగానే తెలుగు చెవికి గడియారము అనినట్లే యుండును. ఈ పోలిక చెవికి కలుగునదే గాని, దానిని పేరుకు అర్థముగా నేను చెప్పుట లేదు. పార్వతీపురమునుండి రాయపూరువరకు రైలుమార్గము 1931లో పూర్తియైనప్పటినుండి విజయనగరమునకును ఈ పట్టణమునకును నేరుగా దారి యేర్పడెను. ఆ పట్టాలవెంబడి మనవారు ఎందరో కొలువులకును కూలికిని ఈ దేశమునకు వచ్చిరి. రైలు కొలువు అనగా గడియారపు కొలువు. తెల్లవారుజామున డ్యూటీ, నడిరేయి డ్యూటీ, నిమిషము తప్పిన మాట పడవలసిన బ్రదుకు. కనుకనే అట్టి యిండ్లలో తండ్రిగారి చేతి గడియారమును పారవేయుటకు ఎవరికిని మనసు రాదు. అది నడువకపోయినను ఇనుప పెట్టెలో, పాత బైబిలు ప్రక్కన, రుమాలులో చుట్టబడియుండును.

ఆ గడియారము తరచుగా హెచ్.ఎం.టి. వాచీయే. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో బెంగుళూరులో ఆ వాచీల తయారీ ఆరంభమాయెను. దినదినము కీ ఇచ్చి నడుపుకొను ఆ గడియారము ఒక తరము తెలుగు యువకులకు పెండ్లి కానుక, ఉద్యోగపు గురుతు. ఆ వాచీల కంపెనీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016 జనవరిలో నిర్ణయించెను. అవి మాత్రము నేటికిని నడచుచున్నవి. బాగుచేయువాడు దొరికినచోటనెల్ల నడచుచున్నవి.

ఇక అసలు సంగతికి వచ్చెదము. గోడ గడియారము 10 నిమిషములు వెనుకబడినదని తెలిసినప్పుడు మనమేమి చేయుదుము? స్టూలెక్కి, అద్దపు తలుపు తీసి, పెద్దముల్లును వ్రేలితో ముందుకు త్రోయుదుము. వెంటనే అది సరియైన వేళ చూపును. ఆ క్షణమున చూచువారికి అది మంచి గడియారమే. కాని లోపల ఏమియు మారలేదు. ఏ కారణముచేత అది వెనుకబడెనో ఆ కారణము అట్లే యున్నది. రేపటికి మరల వెనుకబడును.

ముల్లు అంత సులువుగా తిరుగుటకు గడియారము చేసినవాడు ఒక ఏర్పాటు చేసియున్నాడు. పెద్దముల్లును మోయు సన్నని గొట్టము లోపలి ఇరుసుమీద బిగువుగా తొడుగబడియుండునే గాని దానికి అతుకబడియుండదు. గడియారము తనంతట నడచునప్పుడు ఆ బిగువే ముల్లును త్రిప్పును. మనము వ్రేలితో త్రోసినప్పుడు గొట్టము ఇరుసుమీద జారును. ముల్లు తిరుగును, లోపలి పళ్ళచక్రములకు ఆ సంగతియే తెలియదు. ఈ జారుడు లేనియెడల వేళ దిద్దబోయిన ప్రతిసారి లోపలి పండ్లు విరిగిపోవును. కనుక అది మంచి ఏర్పాటే. అయితే దానివలన ఒక మోసమును కలుగుచున్నది: లోపలిదానిని తాకకయే వెలుపలిదానిని సరిచేయవచ్చును.

ప్రియులారా, మన హృదయములకును ఇట్టి జారుడు కలదు గదా? డిసెంబరు 31వ తేదీ రాత్రి మనము మందిరములో కూడుకొందుము. పండ్రెండు గంటలు కొట్టువేళ మోకరించుదుము. కన్నీళ్ళును వచ్చును, అవి దొంగ కన్నీళ్ళు కావు. వాగ్దానపు కార్డు తీసికొని కన్నుల కద్దుకొందుము. క్రొత్త సంవత్సరములో త్రాగుడు మానెదనని ఒకడు, కుటుంబ ప్రార్థన తప్పనని ఒకడు, తోడికోడలితో మాటలాడెదనని ఒక తల్లి తీర్మానించుకొందురు. ముల్లు సరియైన అంకెమీదికి వచ్చును. మాఘమాసపు చలి తగ్గకముందే అది మరల పాతచోటికి జారును. మరుసటి డిసెంబరులో మరల త్రిప్పుదుము. ఇరువది సంవత్సరములు ఈ విధముగా ముల్లు త్రిప్పుకొనుచు వచ్చిన విశ్వాసులు మన సంఘములలో కొద్దిమంది కారు. వారు వేషధారులని నేననను. లోపల తెరచి చూచుకొనుటకు భయపడినవారు అందును.

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియములో కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారము కలదు. గంట సమీపించుచుండగా జనులు దాని యెదుట కూడుదురు. గడ్డపు మనుష్యుని బొమ్మ తలుపు తెరచుకొని బయటికి వచ్చి గంట కొట్టి లోనికి పోవును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఆ కొద్ది క్షణముల ఆనందమునకై లోపల 350కి పైగా భాగములు పనిచేయుచున్నవి. వాటిని చూచుటకు ఎవరును రారు. కమ్మరి రూపములోనున్న చిన్న బొమ్మ యొకటి సెకండు సెకండునకు సుత్తెతో కొట్టుచునే యుండును. బొమ్మ బయటికి వచ్చు సమయము మన ఆదివారమైన యెడల, సుత్తె దెబ్బలు మన సోమవారము మొదలు శనివారమువరకు. ఆదివారపు బొమ్మను చూచియే మనము ఒకరి నొకరు మెచ్చుకొనుచున్నాము.

ఒక లెక్క చెప్పెదను. హెచ్.ఎం.టి. వాచీలోని బ్యాలెన్సు చక్రము సెకండునకు 5 టిక్కులు కొట్టును. దినమునకు 4,32,000 టిక్కులు. ఆ వేగములో పదివేలలో ఒక్క వంతు తప్పినయెడల, అనగా నూటికి 99.99 పాళ్ళు సరిగా నడచినను, దినమునకు దాదాపు 9 సెకండ్లు, నెలకు నాలుగు నిమిషములకు పైగా తేడా వచ్చును. రైలు తప్పుటకు నాలుగు నిమిషములు చాలును. నీతియందు నూటికి తొంబది పాళ్ళు సరిగానున్నాను, మిగిలినది దేవుడు చూచుకొనునని సమాధానపడు సహోదరుడు ఈ లెక్కను ఒకసారి చూచుకొనవలెను. మన రక్షణ లెక్కలవలన కలుగునది కాదు, కృపవలన కలుగునది. కాని ఆ కృప మనలోని తేడాను చూడనట్లు నటించునది కాదు.

ఇప్పుడు బాగుచేయువాని బల్లయొద్దకు పోవుదము. మీరు చూచియుందురు. బజారు అంచున అద్దపు పెట్టె, చిన్న దీపము, కంటికి బిగించుకొను భూతద్దము, పట్టకార్లు, బోర్లించిన గాజు మూతలు. ఆయన గడియారమును పుచ్చుకొని మొట్టమొదట చెవియొద్ద పెట్టుకొని వినును. వెనుక మూత తెరచును. ఇక చక్రములను ఊడదీయుటకు ముందు తప్పక చేయవలసిన పని యొకటి కలదు. ముఖ్యమైన స్ప్రింగులో చుట్టుకొనియున్న బలమును దించివేయవలెను. కీని వ్రేళ్ళతో పట్టుకొని, స్ప్రింగును వెనుకకు పోనీయక ఆపు చిన్న కొక్కెమును ప్రక్కకు ఒత్తి, బలమును కొద్ది కొద్దిగా వదలిపెట్టును. గోడ గడియారములో ఈ బలము సామాన్యమైనది కాదు. దానిని దించక మరలు విప్పినయెడల చక్రములు పిచ్చిగా గిరగిర తిరిగి పండ్లు విరుగును, సన్నని ఇరుసులు వంగును, పనివాని వ్రేళ్ళకును గాయమగును.

కీ పూర్తిగా ఇచ్చియున్న గడియారము బాగుచేయుటకు లొంగదు. హిజ్కియా సంగతియు అదియే గదా. అతని కోశాగారములు నిండియుండెను, రోగము పోయెను, అష్షూరు సైన్యము మరలిపోయెను, పొరుగు రాజులు కానుకలు పంపుచుండిరి. అటువంటి దినములలో యెషయా వచ్చి, ఈ మనుష్యులు ఎక్కడనుండి వచ్చిరి, నీ యింట ఏమి చూచిరి అని ప్రశ్నించెను. ఆ ప్రశ్నలే కొక్కెమును ఒత్తు వ్రేలు. ప్రవక్త కేకలు వేయలేదు. రెండు ప్రశ్నలు అడిగెను, రాజు తన నోటితోనే అంతయు ఒప్పుకొనెను. దేవుడు మనలను బాగుచేయ నారంభించునప్పుడు అనేకసార్లు ఇట్లే జరుగును. మన పలుకుబడి తగ్గును, మన మాట చెల్లని దినము వచ్చును, పదవీ విరమణ తరువాత ఇంటిలో మన కుర్చీ ప్రక్కకు జరుపబడును. మనము దానిని అవమానమందుము. బలము దిగుచున్నది, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. రోగము వచ్చిన ప్రతివానిని చూచి, వీనిని దేవుడు విప్పుచున్నాడు అని తీర్పు తీర్చువారు కలరు. యోబు స్నేహితులు ఆ పనియే చేసిరి, దేవుడు వారిని మెచ్చుకొనలేదు. గడియారములు కొన్ని దోషములేకయే వెనుకబడును. ఉక్కు కడ్డీకి వ్రేలాడు లోలకము గల గడియారమును తీసికొనుడి. ఎండకు కడ్డీ సాగును. సాగిన లోలకము నెమ్మదిగా ఊగును. పది డిగ్రీల వేడి పెరిగినయెడల దినమునకు దాదాపు 5 సెకండ్లు వెనుకబడును. రాయపూరులో మాఘమాసపు తెల్లవారుజామునకును వైశాఖపు మిట్టమధ్యాహ్నమునకును 30 డిగ్రీల తేడా యుండుట అరుదు కాదు. ఆ లెక్కన 15 సెకండ్లు. ఇది పాపము కాదు, ఋతువు. భర్తను పోగొట్టుకొన్న తల్లి ఆరు నెలలు మందిరమునకు రాలేదని ఎవరైన చెప్పినప్పుడు, బిడ్డ ఆసుపత్రిలో నుండగా తండ్రి నోట ప్రార్థన రాలేదని విన్నప్పుడు, మనము ఎండను జ్ఞాపకము చేసికొనవలెను. మరల చల్లబడినప్పుడు కడ్డీ తన కొలతకు తానే వచ్చును.

అయితే చాల గడియారములు నిలిచిపోవుటకు కారణము ఎండ కాదు, విరిగిన భాగమును కాదు. మురికి. ఇరుసులు తిరుగు రంధ్రములలో పెట్టిన నూనె కొన్ని సంవత్సరములకు చిక్కబడును, దానికి ధూళి అంటుకొనును. ఇందులో నన్ను మిగుల ఆశ్చర్యపరచిన సంగతి యొకటి కలదు. ఇరుసు ఉక్కు, రంధ్రము ఇత్తడి. ఇత్తడి మెత్తనిది. ఏది అరుగవలెను? ఇత్తడియే ముందు అరుగునని మన మనుకొందుము. కాని మెత్తని ఇత్తడిలో ధూళి రేణువులు నాటుకొని, ఆకురాయివలె గట్టి ఉక్కును కోసివేయును. పాత గోడ గడియారముల ఇరుసులమీద కత్తితో కోసినట్టి గాడులు కనబడుటకు ఇదియొక కారణము. మనలో మెత్తని చోట్లు గలవు: బంధుప్రీతి, మొగమాటము, మనకు ఇష్టులైనవారి తప్పులు. అక్కడ నాటుకొనిన రేణువును మనము గమనింపము. మనలోని గట్టి స్వభావము, అనగా మన నిజాయితీ, మన మాట నిలకడ, అది కోయబడుచుండును. పిల్లవాని ఉద్యోగము కొరకు ఒక్కసారి అబద్ధపు కాగితము పెట్టించిన నీతిమంతుడైన తండ్రిని జ్ఞాపకము చేసికొనుడి. ప్రేమతోనే చేసెను. ఆ దినమునుండి సంఘములో ఇతరుల తప్పును ఖండింప నోరు రాదు.

నిలిచిపోయిన గడియారములో ఇంటివారు చేయు వైద్యము నూనె పోయుట. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, ఏది దొరికిన అది. కొంతసేపు నడచును, ఇంటివారు సంతోషించుదురు. కొబ్బరినూనె చిక్కబడి జిగురగును, ముందున్న మురికితో కలిసి ముద్దయగును. బాగుచేయువారు ఇట్టి గడియారమును చూచి నిట్టూర్చుదురు. మురికి తీయక పోసిన నూనె మురికినే పెంచును. సంతోషకరమైన కూటములు, మంచి పాటలు, మనసు కరగు ప్రసంగములు నూనెవంటివి. నేనును ప్రసంగించువాడనే గనుక ఈ మాట వ్రాయుట నాకు సుఖము కాదు. ఒప్పుకొనని పాపముమీద పోయబడిన ఓదార్పు వాక్యము కొంతసేపు చక్రములను త్రిప్పును. యేసు ప్రభువు పరిసయ్యులతో గిన్నె లోపలిభాగము ముందు శుభ్రము చేయుమని, అప్పుడు వెలుపలిభాగమును శుభ్రమగునని బోధించెను (మత్తయి 23:26). ఆ వరుసను ఆయన తారుమారు కానీయలేదు.

బాగుచేయువాడు ప్రతి భాగమును విడదీసి పెట్రోలులో కడిగి, బ్రష్షుతో తోమును. అంతటితో ఆగడు. చిన్న పుల్లను కొనదేల్చి ప్రతి రంధ్రములో త్రిప్పి తీసి, పుల్ల కొన నల్లబడినదేమో చూచును. నల్లబడినయెడల దానిని చెక్కి మరల త్రిప్పును. పుల్ల తెల్లగా వచ్చువరకు ఆ పని చేయును. 139వ కీర్తనలో దావీదు తన్ను పరిశోధింపుమని దేవుని వేడుకొనిన చోట నాకు ఈ పుల్ల కనబడును. ఒక్కసారి త్రిప్పి తీసిన చాలదు. ఒప్పుకొన్న పాపమునకు అడుగున మరియొకటి యుండును. అన్నమీద కోపము ఒప్పుకొంటిమి, పుల్ల నల్లగానే వచ్చినది. చూడగా అది కోపము కాదు, శ్రీకాకుళములోని తండ్రిగారి యింటి వాటామీద ఆశ. అది ఒప్పుకొంటిమి, ఇంకను నల్లనిదే. చూడగా అది ఆశయు కాదు. తల్లి అన్ననే ఎక్కువగా ప్రేమించెనను నలువది ఏండ్ల నాటి బాధ. దేవుడు అక్కడివరకు వచ్చును. అక్కడివరకు రానిచ్చినవారే బాగుపడుదురు.

కడిగి ఆరబెట్టిన తరువాత తిరిగి కూర్చి నూనె పెట్టును. పోయడు, పెట్టును. సన్నని సూదిమొనమీద నిలిచినంత బొట్టు. రంధ్రము చుట్టునున్న చిన్న గుంటలో ఆ బొట్టు నిలిచి, ఇరుసును తడుపుచుండును. ఎక్కువైనయెడల అంచు దాటి ప్రక్కకు ప్రాకిపోయి, కావలసినచోటనే నూనె లేకుండ చేయును. నూనె తగులకూడని చోట్లును కలవు. బ్యాలెన్సు చక్రమునకు తగిలించిన వెంట్రుకవంటి స్ప్రింగునకు నూనె అంటినయెడల దాని చుట్లు ఒకదానికొకటి అతుకుకొనును. అప్పుడు గడియారము ఆగదు. వేగముగా పరుగెత్తును! ఎరుగనివాడు దానిని చూచి ఇది చురుకైన గడియారమనును. పనివాడు దానిని రోగమనును. వారమునకు ఏడు కూటములు నడుపుచు, ఇంటిలో భార్యతో ఏడు మాటలైన మాటలాడని సేవకుని చురుకుదనము నాకు ఇందులో కనబడుచున్నది.

కూర్చిన గడియారమును వెంటనే యజమానికి ఇచ్చు పనివాడు మంచివాడు కాడు. దానిని కొన్ని దినములు తనయొద్ద నుంచుకొనును. ముఖము పైకి పెట్టి ఒక దినము, ముఖము క్రిందికి పెట్టి ఒక దినము, కీ క్రిందికుండునట్లు నిలువబెట్టి ఒక దినము నడిపించి చూచును. బల్లమీద పరుండియున్నప్పుడు చక్కగా నడచునది నిలువబెట్టినప్పుడు తడబడవచ్చును. చేతికి కట్టుకొనువాడు బల్లవలె కదలకుండ కూర్చుండడు గదా. మందిరపు బెంచీమీద మనము నడచు తీరును, రాత్రి తొమ్మిది గంటలకు వంట ఆలస్యమైనప్పుడు మనము నడచు తీరును ఒకటేనా? కిరాణా కొట్టులో చిల్లర ఎక్కువ ఇచ్చినప్పుడు? మేస్త్రీ తక్కువ కులమువాడని ఎరిగినప్పుడు? ఇవన్నియు వేరువేరు భంగిమలు. ప్రభువు మనలను అన్ని భంగిమలలోను నడిపించి చూచును.

అప్పుడు చిన్న సవరణలు చేయవలెను. లండనులోని బిగ్ బెన్ గంటను కొట్టించు గొప్ప గడియారము 1859లో నడువ నారంభించెను. దాని లోలకముమీద పాత కాలపు పెన్నీ నాణెము నొకదానిని ఉంచినయెడల దినమునకు సెకండులో పదింట నాలుగు వంతులు ముందుకు నడచును. శుభ్రముగానున్న గడియారమునకు నాణెమంత బరువు చాలును. మురికిగానున్నదానికి బస్తా పెట్టినను ఫలము లేదు. క్షమాపణ పొందిన హృదయమునకు దినము పది నిమిషముల వాక్యపఠనము ఎంత సవరణ చేయునో, అది లేనివానికి నలువది దినముల ఉపవాసము అంత చేయదు.

దేనిని చూచి సవరింపవలెను? ఇదియు అడుగదగిన ప్రశ్న. పొరుగింటి గడియారమును చూచి మన గడియారమును దిద్దుకొని, వారు మన గడియారమును చూచి దిద్దుకొనుచుండినయెడల రెండును కలిసి తప్పిపోవును. ఒకప్పుడు ఈ దేశములో ఊరికొక వేళ యుండెను. రైళ్ళు మద్రాసు వేళను అనుసరించి నడచుచుండెను. 1906 జనవరి 1వ తేదీనుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును ఆధారము చేసికొని దేశమంతటికి ఒకే వేళ ఏర్పడెను. అయినను కలకత్తా 1948వరకును, బొంబాయి 1955వరకును తమ పాత వేళను పట్టుకొనియుండెను! రాయపూరు ఆ రేఖకు మిక్కిలి సమీపముననున్నది. ఇక్కడి సూర్యుని వేళకును గడియారపు వేళకును సగటున మూడున్నర నిమిషముల తేడా మాత్రమే. సమీపముననున్నవారికి ఒక శోధన కలదు, సమీపమే చాలునను శోధన. క్రైస్తవ కుటుంబములో పుట్టితిమి, బాప్తిస్మము పొందితిమి, మూడు తరములుగా సంఘములో నున్నాము. మూడున్నర నిమిషములే గదా! గుఢియారీ ప్రక్క ప్లాట్‌ఫారముమీద నిలుచున్నవానికి, బండి మూడున్నర నిమిషముల క్రిందట వెళ్ళిపోయినదో మూడు గంటల క్రిందట వెళ్ళిపోయినదో అను తేడా లేదు.

ఇన్ని శ్రమలెందుకు, క్రొత్తది కొనుక్కొనరాదా అని ఈ కాలపువారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 1969 డిసెంబరు 25న, మనము క్రిస్మసు ఆచరించుచుండిన దినమున, టోక్యోలో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారము అమ్మకమునకు వచ్చెను. బ్యాటరీతో నడచు ఆ జాతి గడియారములే నేడు మన గోడలమీద నున్నవి. అవి వేళను మిక్కిలి బాగుగా చూపును. అందు సందేహము లేదు. గోడ గడియారములోని యంత్రము చెడినయెడల దానిని బాగుచేయరు. మొత్తముగా తీసి పారవేసి, స్వల్పమైన వెలకు వేరొక యంత్రమును బిగించుదురు. లెక్కకు అది లాభము. అయినను మరల కీ ఇచ్చు గడియారములను వెదకి, విప్పి, శుభ్రపరచి, నడిపించుకొనువారు లోకమంతట కలరు. లండనులో 1858లో స్థాపింపబడిన గడియారపు పనివారి సంస్థ, అమెరికాలో 1943లో స్థాపింపబడిన గడియార సేకర్తల సంఘము నేటికిని ఆ విద్యను నేర్పుచున్నవి. వారు లాభమునకై చేయుట లేదు. ఇది మా తాతగారిది అందురు. అంతకు మించిన కారణము వారికి అక్కరలేదు.

యిర్మీయా 18వ అధ్యాయములోని కుమ్మరియు చెడిన మంటిని పారవేయలేదు, అదే మంటితో మరల చేసెను. హిజ్కియాను దేవుడు పారవేసెనా? గర్వించిన ఆ రాజు తరువాత తన్ను తగ్గించుకొనెననియు, యెరూషలేము కాపురస్థులును అతనితోకూడ తగ్గించుకొనిరనియు, అతని దినములలో దేవుని కోపము వారిమీదికి రాలేదనియు 32వ అధ్యాయము 26వ వచనము తెలుపుచున్నది. అయినను అతని కథలో నన్ను బాధించునదొకటి మిగిలియున్నది. బబులోను చెరను గూర్చిన తీర్పు విన్నప్పుడు, తన కాలములో సమాధానము నిలుచునని అతడు తృప్తిపడెను (యెషయా 39:8). అతని కుమారుడైన మనష్షే 12 ఏండ్లవాడై రాజాయెను. అనగా కలుపబడిన ఆ 15 సంవత్సరములలోనే పుట్టిన బిడ్డ. నీడ వెనుకకు జరిగినందున కలిగిన ఆ బిడ్డకు తండ్రి తన కోశాగారములను చూపెనో, తన కన్నీటిని చూపెనో గ్రంథము చెప్పుట లేదు. మనష్షే చేసిన చెడుతనమును మాత్రము విస్తారముగా చెప్పుచున్నది. పిల్లలు మన ముల్లును చూచి నడువరు. వారు ఇంటిలోనుందురు గనుక లోపలి చప్పుడు వినుచుందురు.

ఈ వార్షికము మీ చేతికి వచ్చునప్పటికి సంవత్సరాంతపు ఆరాధనకు ఇంకను కొన్ని దినములుండవచ్చును. ఆ రాత్రివరకు ఆగకుడి. జక్కయ్య పస్కా పండుగ వచ్చువరకు ఆగలేదు. ప్రభువు తన యింట అడుగుపెట్టిన ఆ దినముననే, ఎవరియొద్ద అన్యాయముగా తీసికొనెనో వారికి నాలుగంతలు మరల చెల్లింతునని నిలువబడి చెప్పెను. బాకీ యున్నదా? ఈ వారమే పోయి, ఇంత ఇప్పుడు, మిగిలినది ఫలానా నెలకు అని చెప్పుడి. అన్నగారితో మాటలు నిలిచిపోయినవా? వారి ఫోను నంబరు మీయొద్ద నుండును. మీరు చేయగా ఆయన ఎత్తకపోవచ్చును. రెండవసారి చేయుడి. ఎత్తినప్పుడు యింటి వాటా సంగతి మొదట ఎత్తకుడి. వదినగారి ఆరోగ్యము అడుగుడి.